చలికి చచ్చేది ఒకటి, ఎండకు ఎదిగేది ఒకటి: ఉత్తర అమెరికా అడవుల్లో రెండు బెరడు పురుగులు

2024 జులై 24 రాత్రి కెనడాలోని జాస్పర్ పట్టణంలోకి అడవి మంటలు చొచ్చుకువచ్చాయి. 358 కట్టడాలు బూడిదయ్యాయి. అంటే పట్టణంలో దాదాపు మూడో వంతు. ఎడ్మంటన్, కాల్గరీలలో ఉంటున్న తెలుగు కుటుంబాలు సెలవుల్లో వెళ్లివచ్చే కొండల ఊరు అది. మంటలు ఆరకముందే ఒక వాదన మొదలైంది. జాస్పర్ చుట్టూ ఉన్న లోయల్లో పైన్ చెట్లు కొన్నేళ్ల ముందే ఎర్రబడి చచ్చిపోయి ఉన్నాయి. వాటిని చంపింది బియ్యపు గింజంత ఉండే ఒక పురుగు. ఊరు కాలడానికి ఆ పురుగే కారణమని కొందరు, కాదని కొందరు అన్నారు.

అక్కడికి వాయవ్యంగా ఎంతో దూరాన, అలాస్కాలో, అదే ప్రజాతికి చెందిన మరో పురుగు స్ప్రూస్ చెట్లను చంపుతోంది. వార్తల్లో ఈ రెండింటినీ కలిపి ‘బెరడు పురుగు’ అనేస్తారు. ‘భూమి వేడెక్కడం వల్ల పెరిగాయి’ అని ఒక్క ముక్కలో ముగిస్తారు. ఆ మాట అబద్ధం కాదు కానీ సగమే నిజం. వేడి ఈ రెండు పురుగులకూ మేలు చేసిన మాట వాస్తవం. అయితే ఒకదానికి కలిసొచ్చింది మెత్తబడిన శీతాకాలం, మరొకదానికి కలిసొచ్చింది ముదిరిన వేసవి. ఆ తేడా తెలియకపోతే ఎక్కడ ఎప్పుడు అడవి చస్తుందో, ఎందుకు ఆగుతుందో అర్థం కాదు.

చెట్లను చంపేవి

పై రెక్కలు గట్టిపడి డొప్పల్లా వీపును కప్పే కీటకాలను పెంకు పురుగులంటాం. వాటిలో బెరడుకూ కలపకూ మధ్య బతికేవి బెరడు పురుగులు. మనం చెప్పుకొనే రెండూ డెండ్రోక్టోనస్ అనే ప్రజాతివి. గ్రీకు మూలంలో ఆ పేరుకు అర్థం ‘చెట్టును చంపేది’.

మొదటిది మౌంటెన్ పైన్ బీటిల్, శాస్త్రనామం డెండ్రోక్టోనస్ పాండరోసే. నలుపు రంగు, సుమారు 5 మిల్లీమీటర్ల పొడవు. దీని ఉత్తరాది నివాసం ప్రధానంగా కెనడా పశ్చిమ తీర రాష్ట్రమైన బ్రిటిష్ కొలంబియా లోపలి పీఠభూమి, అక్కడి లాడ్జ్‌పోల్ పైన్ అడవులు. పొడి నేల, గడ్డకట్టించే శీతాకాలం, చెప్పుకోదగ్గ వేసవి ఉన్న ప్రాంతం. రెండోది స్ప్రూస్ బీటిల్, డెండ్రోక్టోనస్ రూఫిపెన్నిస్. ముదిరిన పురుగుకు పై రెక్కలు ఎర్రటి గోధుమ రంగులోకి వస్తాయి, ఆ పేరుకు అర్థమూ ఎర్ర రెక్కలదనే. అలాస్కా నుంచి అట్లాంటిక్ తీరం దాకా స్ప్రూస్ చెట్టు ఉన్నచోటల్లా ఇది ఉంటుంది. దీని పేరు లోకానికి తెలిసింది మాత్రం అలాస్కాలోని కీనాయ్ ద్వీపకల్పంలో. అక్కడ సముద్రం పక్కనే ఉండటం వల్ల వేసవి చల్లగా ఉంటుంది, మంచు నెలల తరబడి నేలను కప్పి ఉంచుతుంది. ఇకపై వీటిని పైన్ పురుగు, స్ప్రూస్ పురుగు అని పిలుచుకుందాం.

ఇంత చిన్న పురుగు అంత పెద్ద చెట్టును ఎలా చంపుతుంది?

చెట్టు బెరడులో రెండు పొరలుంటాయి. బయటిది మొద్దుబారిన కవచం. లోపలిది కొన్ని మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉండే సజీవమైన పొర. ఆకుల్లో తయారైన చక్కెరలు వేళ్లకు దిగేది దానిలోంచే. పురుగులు ఆ లోపలి బెరడునే తొలిచి, అందులోనే గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు అడ్డంగా తినుకుంటూ పోతే కాండం చుట్టూ ఆ పొర తెగిపోతుంది. వాటి వెంట వచ్చిన శిలీంధ్రాలు కలపలోకి పాకి నీటి దారులను కూడా మూసేస్తాయి. పైకి నీరు లేదు, కిందికి తిండి లేదు.

చెట్టు ఊరుకోదు. రంధ్రం పడినచోట బంకను ఉబికిస్తుంది. ఒకటి రెండు పురుగులైతే ఆ బంకలోనే కూరుకుపోయి చస్తాయి. అందుకే ఇవి మందగా వస్తాయి. పైన్ పురుగుల్లో ముందుగా తొలిచేది ఆడది. అది చెట్టు బంకలో ఉన్న ఆల్ఫా పైనీన్‌నే తన ఒంట్లో మార్చి ట్రాన్స్ వెర్బెనాల్ అనే వాసనగా వదులుతుంది. శత్రువు విసిరిన ఆయుధంతోనే తన సైన్యాన్ని పిలిపించుకుంటుందన్నమాట. ఈ పురుగు గురించి చదివిన వాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇదే.

కోనసీమ కొబ్బరి రైతులకు ఈ సంగతి కొత్తగా అనిపించదు. ఎర్రముక్కు పురుగు కోసం తోటల్లో పెట్టే ఆకర్షక బుట్టలు పనిచేసేది ఇలాంటి సూత్రం మీదే. ఎర్రముక్కు పురుగూ పెంకు పురుగే, అదీ తన వాళ్లను వాసనతోనే పిలుస్తుంది. కాకపోతే కొబ్బరి చెట్టును చంపడానికి దానికి అంత పెద్ద మంద అక్కర్లేదు. పైన్ పురుగుకు మంద లేనిదే పని జరగదు. బలంగా ఉన్న లాడ్జ్‌పోల్ పైన్‌ను లొంగదీయడానికి కాండం మీద చదరపు మీటరుకు సుమారు 40 రంధ్రాలు పడాలని లెక్క తేలింది. అంతకు తగ్గితే చెట్టు గెలుస్తుంది. చెట్టు నిండిపోయాక పురుగులు వెర్బెనోన్ అనే మరో వాసన వదులుతాయి. ‘ఇక్కడ చోటు లేదు, పక్క చెట్టు చూసుకోండి’ అని దానికి అర్థం.

స్ప్రూస్ పురుగు వాసనల రసాయనాలు వేరు, మందగా కమ్మే పద్ధతి మాత్రం అదే. కానీ నిలబడి ఉన్న పచ్చని చెట్టుకంటే గాలికి కూలిన చెట్టంటే దీనికి ఎక్కువ ఇష్టం. కూలిన చెట్టులో లోపలి బెరడు ఇంకా తాజాగా ఉంటుంది, బంకతో ఎదిరించే బలం ఉండదు. పెద్ద గాలివాన వచ్చిన రెండు మూడేళ్లకు దాని సంతతి నిలబడిన చెట్ల మీద పడటానికి కారణం ఇదే. పైన్ పురుగుల పెద్ద ఉధృతులకు ఇలా కూలిన చెట్లతో పని లేదు. వాటి కన్ను మందపాటి లోపలి బెరడు ఉన్న, ముదిరి నిలబడ్డ చెట్ల మీదే.

బెరడు ఊడదీస్తే మరో తేడా కనిపిస్తుంది. పైన్ పురుగు నిట్టనిలువుగా పొడుగాటి సొరంగం తొలిచి, దాని రెండు పక్కలా ఒక్కో గుడ్డునూ విడివిడిగా పెడుతుంది. స్ప్రూస్ పురుగు గుడ్లను గుంపులుగా పెడుతుంది, పిల్ల పురుగులు మొదట్లో పక్కపక్కనే కలిసి తింటాయి. ఆకులు చెప్పే కథా వేరే. దాడి జరిగిన మరుసటి ఏడాదికి పైన్ ఆకులు ఎర్రగా మారి, ఆకాశం నుంచి చూసినా తెలిసిపోతాయి. స్ప్రూస్ ఆకులు అంత గట్టిగా చెప్పవు. చాలాకాలం పచ్చగానే ఉండి, పాలిపోయి రాలిపోతాయి. పచ్చగా కనిపించే స్ప్రూస్ లోపల చచ్చిపోయి ఉండవచ్చు.

పైన్ పురుగు: చలి వేసిన తాళం

పైన్ పురుగుది మామూలుగా ఒక ఏడాది బతుకు. జులై, ఆగస్టుల్లో పెద్ద పురుగులు ఎగిరి కొత్త చెట్లను తొలుస్తాయి. గుడ్లు పొదిగి, పిల్ల పురుగులు శీతాకాలమంతా బెరడు కింద గడుపుతాయి. వేసవి మొదట్లో ప్యూపాలుగా మారి, మళ్లీ జులైలో ఎగురుతాయి.

పిల్ల పురుగు గడ్డకట్టకుండా ఉండటానికి ఒంట్లో గ్లిజరాల్ తయారు చేసుకుంటుంది. నడి శీతాకాలంలో అది సిద్ధంగా ఉన్నప్పుడు మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరిదాకా తట్టుకోగలదు. చిక్కంతా సమయంతోనే. గ్లిజరాల్ ఒక్కరోజులో తయారుకాదు. అక్టోబరు చివర్లోనో నవంబరులోనో హఠాత్తుగా మైనస్ 25 లాంటి చలి పడితే, జనవరిలో అవలీలగా బతికే పురుగే చచ్చిపోతుంది. వసంతంలోనూ అంతే, గ్లిజరాల్ వదిలేశాక చలి తిరిగొస్తే ఆగదు. బ్రిటిష్ కొలంబియాలోని చిల్కోటిన్ ప్రాంతంలో 1970ల చివర మొదలైన పెద్ద ఉధృతిని 1984, 1985 సంవత్సరాల్లో తొందరపడి వచ్చిన చలి ఆపింది.

చలి కొద్దిగా మెత్తబడితే ఎంత తేడా వస్తుందో చిన్న లెక్కతో చూద్దాం. ఇవి అర్థమవడానికి నేను వేసుకున్న అంకెలు. ఒక జంట 60 గుడ్లు పెట్టిందనుకుందాం. వాటిలో 58 చచ్చి రెండు మిగిలితే పురుగుల సంఖ్య మారదు. అంటే నూటికి దాదాపు 97 చస్తేనే సమతూకం. ఒక శీతాకాలం మెత్తగా గడిచి 56 మాత్రమే చచ్చాయనుకోండి. నూటికి 93 చచ్చినట్లు. పైకి చూస్తే అవి అప్పుడూ ఇప్పుడూ దాదాపు అన్నీ చచ్చినట్టే ఉంటుంది. కానీ నాలుగు మిగిలాయి, సంఖ్య రెట్టింపయింది. ఇలాంటి శీతాకాలాలు పది వరుసగా వస్తే వెయ్యి రెట్లు దాటుతుంది. ఈలోగా మందల బలం చదరపు మీటరుకు 40 అనే హద్దు దాటుతుంది. అంతవరకూ బలహీనమైన చెట్లతో సరిపెట్టుకున్నవి ఆరోగ్యంగా ఉన్న చెట్లనూ పడగొట్టగలుగుతాయి. పురుగు ‘అకస్మాత్తుగా’ విరుచుకుపడినట్లు కనిపించడానికి కారణం ఆ హద్దే.

1990లలో బ్రిటిష్ కొలంబియా మధ్యభాగంలో మొదలైంది సరిగ్గా ఇదే. వరుస వెచ్చని శీతాకాలాల మీదుగా అది ఎదిగి, సుమారు 1.8 కోట్ల హెక్టార్ల అడవిని వేర్వేరు స్థాయుల్లో తాకింది. ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం దాదాపు 1.63 కోట్ల హెక్టార్లు. బ్రిటిష్ కొలంబియాలో అమ్మకానికి పనికొచ్చే పైన్ కలపలో సగానికి పైగా ఈ పురుగు చంపేసింది. శిలీంధ్రం వల్ల నీలి చారలు పడిన ఆ కలపను పారేయకుండా వాడుకునే ప్రయత్నాలూ జరిగాయి. 2010 వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్ కోసం కట్టిన రిచ్‌మండ్ ఓవల్ పైకప్పు అలాంటిదే. ఈ నష్టం మీద 2008లో వెలువడిన ఒక అంచనా ప్రకారం, 2000 నుంచి 2020 వరకు ఈ ఉధృతి వల్ల దెబ్బతిన్న అడవుల నుంచి పడే కర్బన ప్రభావం 27 కోట్ల టన్నులు. కర్బనాన్ని పీల్చుకోవలసిన అడవి కర్బనాన్ని వదిలేదిగా మారింది.

స్ప్రూస్ పురుగు: ఎండ తీసిన తలుపు

ఈ కథను అలాస్కాకు అలాగే మోసుకెళితే తప్పుతుంది. స్ప్రూస్ పురుగుకు చలి నుంచి తప్పించుకునే దారి వేరే ఉంది. పెద్దవైన పురుగుల్లో చాలా భాగం శరత్తులో బయటికి వచ్చి, అదే చెట్టు మొదలు దగ్గరికి దిగి, అక్కడ మళ్లీ బెరడు కిందికి దూరతాయి. శీతాకాలంలో ఆ మొదలు మంచు కింద ఉంటుంది. మంచు మంచి దుప్పటి. బయట గాలి ఎంత చల్లబడినా లోపల అంత చలి ఉండదు. బెరడును చెక్కి పురుగులను ఏరుకుతినే వడ్రంగి పిట్టల ముక్కు కూడా అక్కడికి అందదు.

మరి దీన్ని అదుపులో ఉంచిందేమిటి? చల్లని వేసవి. స్ప్రూస్ పురుగుకు ఒక తరం పూర్తికావడానికి మామూలుగా రెండేళ్లు పడుతుంది. మే, జూన్‌లలో పెట్టిన గుడ్లలోంచి వచ్చిన పిల్ల పురుగు ప్యూపాగా మారకముందు ఆగిపోతుంది. చుట్టూ చల్లగా ఉంటే అది సుప్తావస్థలోకి జారుకుంటుంది. మొదటి శీతాకాలం అలా గడుస్తుంది. రెండో వేసవిలో పెద్దదై, రెండో శీతాకాలం చెట్టు మొదట్లో గడిపి, మూడో వేసవిలో ఎగురుతుంది. కానీ మొదటి వేసవే బాగా వెచ్చగా ఉంటే ఆ మొదటి ఆగుదల జరగదు. అదే ఏడాది పెద్దదైపోయి, మరుసటి వేసవికే ఎగురుతుంది. వేసవి నడిమి వారాల్లో 17 డిగ్రీలకు పైన గడిచిన గంటలు ఎన్ని అన్నదాన్ని బట్టి, ఎంత శాతం పురుగులు ఒక్క ఏడాదిలో ఎదుగుతాయో అంచనా వేయవచ్చని పరిశోధకులు చూపారు. తెలుగు నేల మీద 17 డిగ్రీలంటే దుప్పటి కప్పుకునే రాత్రి. అక్కడ అది ఒక అడవి తలరాతను మార్చే వేడి.

ఇక్కడా లెక్క వేసుకుందాం. ఒక్కో తరానికి పురుగులు మూడు రెట్లవుతాయనుకుంటే, రెండేళ్ల తరంతో నాలుగేళ్లలో 9 రెట్లు. ఏడాది తరంతో అదే నాలుగేళ్లలో 81 రెట్లు. పురుగు ఆయువు పెరగలేదు, గుడ్ల సంఖ్య పెరగలేదు. గడియారం మాత్రమే వేగంగా తిరిగింది.

కీనాయ్‌లో 1987 నుంచి వెచ్చని వేసవులు వరుసకట్టాయి. 1990లలో దక్షిణ మధ్య అలాస్కాలో సుమారు 12 లక్షల హెక్టార్ల స్ప్రూస్ అడవి దెబ్బతింది. హోమర్ ఊరి చుట్టూ కొండవాలుల మీద ముదురు చెట్లన్నవి దాదాపు మిగల్లేదు. చివరికి చాలాచోట్ల ఆ ఉధృతి ఆగింది చలి వల్ల కాదు, తినడానికి పెద్ద చెట్లు అయిపోయి.

పైన్ పురుగుకు ఇలాంటి సుప్తావస్థ ప్రధాన సాధనం కాదు. అది తన కాలాన్ని వేరేగా సర్దుకుంటుంది. చిన్న పిల్ల పురుగు తక్కువ వేడిలోనూ ఎదుగుతుంది. చివరి దశ పిల్ల పురుగు ప్యూపాగా మారాలంటే మాత్రం సుమారు 15 డిగ్రీలు కావాలి. అందువల్ల శరత్తులో ముందుగా ఎదిగినవి ఆ మెట్టు దగ్గర ఆగిపోతాయి, వెనకబడినవి వచ్చి కలుస్తాయి. ఎండాకాలం రాగానే అన్నీ ఒక్కసారి కదులుతాయి. మందగా ఎగరకపోతే చెట్టు గెలుస్తుంది కనుక, దానికి ఈ కలిసికట్టు ప్రాణంతో సమానం.

వేడి ఎక్కువైతే పురుగు ఎప్పుడూ లాభపడుతుందా?

2012లో ఇద్దరు పరిశోధకులు కొలరాడో కొండల్లో పైన్ పురుగు ఒకే ఏడాదిలో రెండు తరాలు పూర్తిచేస్తోందని రాశారు. ఆ వార్త బాగా పాకింది. 2014లో ఈ పురుగు ఎదుగుదల లెక్కల్లో ఏళ్లుగా పనిచేస్తున్న ఇతరులు దాన్ని ప్రశ్నించారు. ఎగిరే కాలం ముందుకు జరగడం, పొడవు కావడం వేరు, గుడ్డు నుంచి గుడ్డు దాకా రెండు చుట్లు తిరగడం వేరు అన్నది వాళ్ల వాదన. పైగా అక్కడి ఉష్ణోగ్రతలు రెండు పూర్తి తరాలకు చాలవని లెక్క చూపారు. నాకు రెండో పక్షమే బలంగా కనిపిస్తుంది. కారణం పైన చెప్పిన 15 డిగ్రీల మెట్టే. తరం పొట్టిదైనంత మాత్రాన లాభం రాదు. కలిసికట్టు చెదిరి, కొన్ని జూన్‌లో కొన్ని సెప్టెంబరులో ఎగిరితే చెట్టును లొంగదీసే మంద తయారుకాదు. తప్పుడు దశలో శీతాకాలం ఎదురైతే చలికీ చస్తాయి. వేసవి వేడి స్ప్రూస్ పురుగుకు సూటిగా వరమైనట్లు పైన్ పురుగుకు కాదు.

తప్పంతా వాతావరణానిదేనా?

కాదని చెప్పడానికి రెండు చోట్లా ఆధారాలున్నాయి, అవీ వేర్వేరు. బ్రిటిష్ కొలంబియాలో గత శతాబ్దమంతా అడవి మంటలను పట్టుదలగా ఆర్పారు. మంటల తర్వాత కొత్తగా మొలవడం లాడ్జ్‌పోల్ పైన్ స్వభావం. మంటలు ఆగడంతో పురుగు కోరుకునే ముదురు పైన్ అడవి ఆ కాలంలో సుమారు మూడు రెట్లు పెరిగింది. మెత్తని శీతాకాలం వచ్చేసరికి విస్తరి సిద్ధంగా ఉంది. వేడి ఒక్కటే ఉండి ముదురు అడవి అంత లేకపోతే ఇంత నష్టం జరిగేది కాదని అటవీ శాస్త్రజ్ఞుల మాట. ముదురు అడవి ఉండి 1984 నాటి చలి మళ్లీ వచ్చి ఉంటే కూడా జరిగేది కాదు. రెండూ కలిశాయి.

కీనాయ్‌లో చెట్ల వలయాలు మరో సంగతి చెప్పాయి. పెద్ద చెట్లు చచ్చినప్పుడు మిగిలిన చిన్న చెట్లకు ఒక్కసారిగా వెలుతురు అంది, వలయాలు వెడల్పవుతాయి. అలాంటి గుర్తులను బట్టి గత రెండున్నర శతాబ్దాల్లో సగటున సుమారు 50 ఏళ్లకోసారి అక్కడ పురుగు ఉధృతి వచ్చినట్లు తేలింది. అంటే పురుగు ఆ అడవికి కొత్త కాదు. 1990ల నాటి విస్తృతి, తీవ్రత మాత్రం పాతవాటితో పోల్చలేనిది. ‘ఇది ప్రకృతి సహజమే’ అనేవాళ్లూ ‘ఇది మునుపెన్నడూ లేనిది’ అనేవాళ్లూ ఒకే వలయాలను చూపి మాట్లాడగలగడం అందుకే.

చచ్చిన చెట్లూ మంటలూ

మళ్లీ జాస్పర్ దగ్గరికి వద్దాం. ఎర్రబడిన పైన్ ఆకుల్లో తేమ దాదాపు ఉండదు. వాటికి మంట త్వరగా అంటుకుంటుంది, పై కొమ్మలకు త్వరగా పాకుతుంది. ఆర్పే సిబ్బంది కళ్లారా చూసి చెప్పింది ఇదే, బ్రిటిష్ కొలంబియాలో కొలిచినప్పుడూ ఇదే తేలింది. కానీ ఆ దశ కొన్నేళ్లే. ఆకులు రాలి చెట్టు బూడిద రంగులోకి వచ్చాక పైన కాలడానికి సన్నని ఇంధనం మిగలదు. తర్వాత చెట్లు ఒక్కొక్కటే కూలి నేల మీద దుంగలు పేరుకుంటాయి. అప్పుడు మంట తీరు మళ్లీ మారుతుంది, నెమ్మదిగా, తీవ్రంగా కాలుతుంది. 2015లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల మీద జరిగిన ఒక పెద్ద పరిశీలనలో పైన్ పురుగు సోకిన అడవులు మిగతావాటికంటే ఎక్కువ విస్తీర్ణంలో కాలినట్లు కనిపించలేదు. ఎండ, కరవు, గాలి తీవ్రంగా ఉన్న రోజున పచ్చని అడవీ అలాగే మండుతుంది. ఈ రెండు మాటలకూ వైరుధ్యం లేదు. ఒకటి ఒక చెట్టు, ఒక వాలు మీద మంట వేగం గురించి. మరొకటి మొత్తం మీద ఎంత నేల కాలిందన్నదాని గురించి.

కీనాయ్‌లో లెక్క ఇంకా విడ్డూరం. నేలలో పూడిన బొగ్గు ముక్కల కాలాన్ని కొలిస్తే అక్కడి స్ప్రూస్ అడవి సగటున 400 నుంచి 600 ఏళ్లకు ఒకసారే కాలిందని తేలింది. పురుగు 50 ఏళ్లకోసారి వచ్చినా, నిప్పు దాని వెంట రాలేదు. అయితే ఇప్పుడు చచ్చిన స్ప్రూస్ చెట్ల కింద వెలుతురు పడి బ్లూజాయింట్ అనే గడ్డి దట్టంగా కమ్ముకుంది. మంచు కరిగి పచ్చిక మొలిచేలోగా, వసంతంలో ఆ ఎండుగడ్డి సులభంగా అంటుకుంటుంది. మనుషుల ఇళ్లూ దారులూ ఇప్పుడు ఆ గడ్డి మధ్యలోనే ఉన్నాయి. పాత బొగ్గు చెప్పిన సగటు రాబోయే కాలానికీ హామీ అని అనుకోవడానికి నాకు ధైర్యం చాలదు.

రెండు సరిహద్దులు

2006లో గాలి పైన్ పురుగులను రాకీ పర్వతాల మీదుగా మోసుకెళ్లి జాస్పర్ ఉన్న అల్బర్టా రాష్ట్రపు వాయవ్య భాగంలో పెద్ద ఎత్తున కురిపించింది. అక్కడ లాడ్జ్‌పోల్ పైన్ క్రమంగా జాక్ పైన్‌తో కలిసిపోతుంది. 2011లో జన్యు పరీక్షలతో, ఈ పురుగు అచ్చమైన జాక్ పైన్‌లోనూ బతుకుతోందని నిర్ధారణైంది. జాక్ పైన్ అడవి కెనడా మీదుగా తూర్పు తీరం దిక్కుగా సాగుతుంది. ఆ దారిలో పురుగును నిలువరించేది మళ్లీ చలే. 2019 ఫిబ్రవరిలో అల్బర్టాను కమ్మిన చలి వాటిలో చాలా భాగాన్ని చంపింది. స్ప్రూస్ పురుగుకు అలాంటి కొత్త చెట్టు అక్కర్లేదు, స్ప్రూస్ ఎటూ అలాస్కా నిండా ఉంది. 2016 నుంచి సుసిట్నా లోయలో మరో ఉధృతి నడిచి ఉత్తరంగా డెనాలి వైపు జరిగింది.

ప్రతి వసంతంలో అల్బర్టా అటవీ సిబ్బంది సోకిన పైన్‌ల నుంచి గుండ్రటి బెరడు ముక్కలు కోసి, కింద బతికున్న పిల్ల పురుగులను లెక్కిస్తారు. తల్లి పురుగులు తొలిచిన రంధ్రాల సంఖ్యతో దాన్ని భాగిస్తారు. పది రంధ్రాలకు ముప్పై బతికుంటే మూడు వచ్చింది, మంద పెరుగుతోంది. పది రంధ్రాలకు ఐదే బతికుంటే ఆ శీతాకాలం పని చేసినట్టు. అదే లెక్కను స్ప్రూస్ బెరడు మీద వేస్తే సరిపోదు. అక్కడ బతికున్నవి ఎన్ని అన్నదానితో పాటు, అవి ఏ దశలో ఉన్నాయో కూడా చూడాలి. ఇంకా తెల్లటి పిల్ల పురుగుగా ఉంటే మరో ఏడాది వ్యవధి ఉంది. అప్పటికే రెక్కలొచ్చి ఉంటే, గడిచిన వేసవి తన పని చేసేసింది.